లోహరజమును పరీక్షించిన ఆచార్యుడు: జగదీశచంద్ర వసువు

శ్రీకాకుళ మండలమునందలి బుడితి గ్రామమున కంచరివారు కంచును, ఇత్తడిని కరగించి పోతపోసి, చల్లారిన పాత్రను ఆకురాయితో రాచి నునుపుచేయుట మనలో పెక్కండ్రు చూచియే యుందురు. ఆ రాపిడిలో రాలెడు రజను ఊడ్చి మరల మూసలో వేయుదురే కాని, అందు శాస్త్రవిషయ మేదియో దాగియున్నదని ఎవ్వరికిని తోచదు. ఇనుప ఊచ యొకటి, ఆ ఊచను రాచి తీసిన రజను మఱియొకటి. పదార్థము మాత్రము ఒక్కటియే. అయినను విద్యుత్తు ఊచలో కాలువనీటివలె ప్రవహించును. గాజుగొట్టములో వదులుగా పోసిన రజనులో దాదాపు ప్రవహింపనే ప్రవహింపదు. వింత యంతటితో తీరలేదు. ఆ గొట్టమునకు కొన్ని గజముల దూరమున విద్యుత్స్ఫులింగము నొకదానిని పుట్టించినచో, ఎవ్వరును ముట్టకుండగనే, ఆ రజను తటాలున విద్యుత్తునకు దారి యిచ్చును. వ్రేలితో గొట్టమును మెల్లగా తట్టినచో మరల మొదటి మొండితనమునకు వచ్చును. తంతిలేని వార్తకు తొలినాళ్ళలో చెవియై నిలిచినది ఈ పిడికెడు పొడియే. ఈ పొడిని లోకమున అందఱికంటె ఓపికతో పరీక్షించినవారిలో అగ్రగణ్యుడు భారతీయుడు. ఆయనయే ఆచార్య జగదీశచంద్ర వసువు.

వంగదేశీయుని చరిత్రము ఉత్తరాంధ్రమునకేల యని అడుగువారుందురు. కలకత్తాలో బౌబజారు వీథియందు డాక్టరు మహేంద్రలాలు సర్కారు 1876లో స్థాపించిన భారతీయ విజ్ఞానసంఘమునకు మొదట ప్రయోగశాల లేకుండెను. అది 1890 ప్రాంతమున విజయనగర మహారాజుగారి విరాళముతో ఏర్పడి విజయనగర ప్రయోగశాల యను పేరు దాల్చెను. నాటి ప్రభువు ఆనందగజపతి. ఆయన సాహిత్యపోషణము మనకు కంఠస్థము. గురజాడవారి పేరు వచ్చినప్పుడెల్ల ఆయన పేరును వచ్చును. ఈ ప్రయోగశాల సంగతి మాత్రము మన పుస్తకములలో అంతగా కానరాదు. నాగావళి, గోస్తనీ తీరముల రైతులు చెల్లించిన శిస్తులో కొంతభాగము కలకత్తాలో విజ్ఞానశాలయై నిలిచినదన్నమాట. ఆ సంఘమున ఉపన్యసించిన ఆచార్యులలో జగదీశుడొకడు. అయితే ఆయన సొంత పరిశోధనము అచట జరుగలేదు. అది జరిగిన స్థలము అంతకంటె చాల చిన్నది. దాని ముచ్చట ముందు వచ్చును.

జగదీశచంద్రుడు 1858 నవంబరు 30వ తేదీన తూర్పు వంగమున జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్ర వసువు డిప్యూటీ మేజిస్ట్రేటు, బ్రహ్మసమాజికుడు. ఆ కాలమున సర్కారు కొలువులోనున్న తండ్రులు కుమారులను ఇంగ్లీషు బడికి పంపుట గౌరవమని యెంచుచుండగా, ఆయన కుమారుని వంగభాష నేర్పెడు పల్లెబడికే పంపెను. అచట బాలునికి ప్రక్క కూర్చున్నవారు జాలరి కొడుకు, ఇంటి నౌకరు కొడుకు. ఇంకొక చిత్రమును కలదు. బాలుని రోజును బడికి మోసికొనిపోయినవాడు ఒకప్పుడు దారిదోపిడికాడు. భగవాన్‌చంద్రుడే వానికి శిక్ష విధించి, చెఱనుండి విడుదలయైన పిదప బ్రదుకుతెరువు లేదని మొఱపెట్టుకొనగా, తన యింటనే కొలువిచ్చెను. వాడు చెప్పెడు కథలు వినుచు బాలుడు పెరిగెను. బర్ద్వానులో జ్వరముల వలన ప్రజలు పిట్టలవలె రాలిపోయినప్పుడు, దిక్కులేని పిల్లలకు పని నేర్పుటకై ఆ తండ్రి కర్మశాలలు తెఱచెను. పనిముట్టు పట్టుట తక్కువపని కాదని జగదీశుడు నేర్చుకొన్నది బడిలో గాక ఇట్టి యింటియందే. ఇది కాదనుట కెవ్వరికిని వీలులేదు. ఏలయన, ఆయన పిదప కనుగొన్నదానిలో సగము తన చేతితో పరికరములను అమర్చుకొనుట వలననే సాధ్యమయ్యెను.

కలకత్తా సెంటు జేవియర్ కళాశాలలో ఫాదరీ లాఫాంటు భౌతికశాస్త్రప్రయోగములు చేసి చూపి ఆయన మనస్సును ఆ శాస్త్రముపై లగ్నము చేసెను. 1880లో వైద్యము చదువుటకు లండను చేరెను గాని, స్వదేశముననే పట్టుకొన్న జ్వరము అచటను వదలలేదు. వైద్యము మాని కేంబ్రిడ్జి చేరి, లార్డు రేలీ వంటి గురువుల సన్నిధిని ప్రకృతిశాస్త్రములు చదివి, 1885లో స్వదేశమునకు వచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను.

కొలువు లభించెను గాని గౌరవము లభింపలేదు. ఒకే పనిచేయు తెల్ల ఆచార్యునకు వచ్చు జీతములో భారతీయునకు మూడింట రెండు పాళ్లు. జగదీశుని నియామకము తాత్కాలికము గనుక అందులోను సగము. అనగా మూడింట నొకపాలు. ఆయన ధర్నా చేయలేదు, అర్జీల మీద అర్జీలు వ్రాయలేదు. పాఠము ఒక్కనాడును మానక, జీతము ఒక్క కానియైనను ముట్టక, మూడేండ్లు గడపెను. తండ్రి వ్యవసాయ, వర్తకసాహసములలో పడి చేసిన అప్పులు నెత్తిపై నుండగా ఈ పట్టుదల సామాన్యము కాదు. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి, ఉద్యోగమును స్థిరపఱచి, మొదటినుండి లెక్కగట్టి పూర్తి జీతము నిచ్చెను. సహాయనిరాకరణ మను మాట దేశమున ప్రచారమగుటకు మూడు దశాబ్దములకు ముందే ఒక బడిపంతులు దానిని ఒంటరిగా ఆచరించి నెగ్గెను. ఆ కష్టకాలముననే, 1887లో, అబలాదేవిని వివాహమాడెను. వంగమున స్త్రీలకు వైద్యకళాశాలలో ప్రవేశము లేని దినములలో చెన్నపట్టణము వచ్చి కొంతకాలము వైద్యము చదివిన విదుషి ఆమె.

ఇంక రజను సంగతి. విద్యుత్తు వలన ఆకాశమున తరంగములు పుట్టునని మాక్సువెల్ పండితుడు గణితముతో చెప్పగా, జర్మనీలో హెర్ట్జు 1888 నాటికి వానిని పుట్టించి చూపెను. పుట్టించుట సరే, పట్టుకొనుట యెట్లు? ఆ పని ఇనుపపొడి చేసిపెట్టెను. ఇటలీలో కాల్జెక్కి ఒనెస్తి 1884 మొదలుకొని లోహరజముతో పరీక్షలు చేసెను. ఫ్రాన్సులో ఎడ్వర్డు బ్రాన్లీ 1890లో, దూరమునందలి స్ఫులింగము వలన రజను యొక్క విద్యున్నిరోధము వేయింతలుగా పడిపోవుటను చక్కగా వర్ణించెను. ఇంగ్లండులో ఆలివరు లాడ్జి ఆ గొట్టమునకు కోహీరరు అను పేరు పెట్టి, రేణువులు ఒకదానికొకటి అతుకుకొనుటయే దీనికి కారణమని సిద్ధాంతము చేసెను. 1894లో లాడ్జి ఉపన్యాసము అచ్చుపడి కలకత్తా చేరెను. జగదీశునకు అప్పుడు ముప్పదియైదేండ్లు దాటెను. ముప్పదియాఱవ జన్మదినమున ఇకపై పరిశోధనమే తన పని యని ఆయన నిశ్చయించుకొనెనని చెప్పుదురు.

ప్రెసిడెన్సీ కళాశాలలో పరిశోధనశాల యన్నది లేదు. స్నానపుగది నానుకొనియున్న చిన్న గది నొకదానిని తానే పరిశోధనశాల చేసికొనెను. అక్షరము రాని తగరపు పనివాని నొకనిని కుదుర్చుకొని, తాను చెప్పుచు, వాడు రేకులు కత్తిరించుచు, యంత్రములు తయారయ్యెను. ఖర్చు జేబులోనిది, కాలము బోధన ముగిసిన తరువాతిది.

హెర్ట్జు తరంగములు పొడుగైనవి. వానితో వెలుతురు గుణములను పోల్చి చూచుటకు గదులకు గదులు కావలెను. జగదీశుడు తరంగమును కుదించెను. అయిదు మిల్లీమీటర్ల పొడవుగల తరంగములను పుట్టించెను. సెకండునకు ఆఱు వేల కోట్ల స్పందనములన్నమాట. దానితో యంత్రమంతయు ఒక పెట్టెలో ఇమిడెను. 1895లో కలకత్తాలో పెద్దల సమక్షమున, డెబ్బదియైదడుగుల దూరమున, నడుమ గోడలుండగనే, కంటికి కనబడని ఆ తరంగములను పంపి గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపెను. తీగ లేదు, దారము లేదు. మఱొక పరీక్షలో పేలికగా మెలిపెట్టిన జనుపనార కట్టలను తరంగమునకు అడ్డుపెట్టి, ఆ మెలిక యెటున్న అటు తరంగతలము తిరుగునని నిరూపించెను. నెల్లిమర్ల మిల్లు నెఱిగిన మనకు జనుపనార గోనెసంచిగనే తెలియును. అట్లే రైలు వేళల పుస్తకము పుటల నడుమ తగరపు రేకులుంచి దానినే వెలుతురును జల్లించు స్ఫటికమువలె వాడెను. సామగ్రి లేదని సాకు చెప్పువారికి ఈ రెండు పరీక్షలును చాలును.

అయితే ఆయనను పీడించినది రజను. శీతదేశముల పొడిగాలిలో కొంత మేలుగా పనిచేయు ఇనుపపొడి, వంగదేశపు తేమలో త్రుప్పుపట్టి నేడొకరీతి రేపొకరీతి ప్రవర్తించుచుండెను. సముద్రపుగాలి సోకు భీమునిపట్టణము, కళింగపట్టణముల వారికి ఇనుము సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. గొట్టములో వేలకొలది రేణువులు అడ్డదిడ్డముగా పడియుండును; ఏ రేణువు దేనిని తాకుచున్నదో, ఎంత ఒత్తుడుతో తాకుచున్నదో దేవునికే తెలియవలెను. కనుక జగదీశుడు రజనునే తీసివైచెను. సన్నని ఉక్కుతీగను స్ప్రింగులుగా చుట్టి, వానిని గాడిలో ఒక్క వరుసగా పేర్చి, ఒక మరతో ఒత్తుడును వెండ్రుకవాసి హెచ్చించుటకు తగ్గించుటకు వీలుకల్పించెను. త్రుప్పు పట్టకుండ తీగలపై కోబాల్టు పూత నిచ్చెను. ఇప్పుడు తాకుడు ఎచ్చటనో, ఎంతయో చేతిలోనికి వచ్చెను. ఇతరులకు ఇది పనిముట్టు. ఆయనకు ఇది ప్రశ్న. లోహపు తాకుడునకు ఏమగుచున్నది? అన్ని లోహములును ఒకేరీతి ప్రవర్తించునా?

ఈ ప్రశ్న వెంట ఆయన ఏండ్ల తరబడి నడచి, 1899 మొదలుకొని రాయల్ సొసైటీకి వ్యాసములు పంపెను. లోహమును తరువాత లోహమును తెచ్చి పరీక్షించెను. ఇనుము వంటి వానిలో తరంగము తగిలినంతనే నిరోధము తగ్గును. ఇది బ్రాన్లీ చెప్పినదే. పొటాషియమునందు వ్యవహారము తలక్రిందు. గాలి సోకిన పాడగునని నూనెలో ముంచి దాచెడు ఆ మెత్తని లోహమునందు తరంగము తగులగా నిరోధము పెరిగెను. తరంగ మాగినంతనే, ఎవ్వరును తట్టకుండగనే, తనంత తాను మొదటి స్థితికి వచ్చెను. తట్టి లేపనవసరము లేని కోహీరరు దొరకెను. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. రేణువులు అతుకుకొనుటయే సర్వమునకు కారణమైనచో నిరోధము తగ్గవలెనే కాని పెరుగుట యెట్లు? లాడ్జి సిద్ధాంతమునకు ఇది గొంతులో వెలక్కాయ. లోహము పైపొర యందలి అణువుల అమరిక మాఱుటయే మూలమని జగదీశుడు వాదించెను. 1901లో లోహరేణువుల వాహకత్వము గూర్చియే ప్రత్యేకముగా వ్రాసి, విద్యుత్పీడనమును క్రమముగా పెంచి, క్రమముగా తగ్గించి, పోవు త్రోవ వచ్చు త్రోవ ఒకటి కాదని రేఖాచిత్రములతో చూపెను. రజను తనపై జరిగినదానిని కొంతసేపు గుర్తుంచుకొనుచున్నదని దాని తాత్పర్యము. ఈ మాటను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. దానికి శతాబ్దము పిమ్మట విలువ కలిగెను.

నడుమ 1897 జనవరి 29న లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో శుక్రవారపు ప్రసంగము చేసెను. రేలీ, కెల్విను వంటివారు మెచ్చిరి. వ్యాపారులును మెచ్చిరి. 1901లో మిక్కిలి ధనవంతుడైన తంతికంపెనీ యజమాని యొకడు పేటెంటు పత్రము చేతబట్టుకొని వచ్చి, లాభములో పాలిచ్చెదనని ప్రాధేయపడగా, జగదీశుడు నిరాకరించెను. ఈ సంగతిని తన మిత్రుడు రవీంద్రనాథ ఠాకూరునకు లేఖలో వ్రాసెను. జ్ఞానము అమ్మకపు సరకు కాదని ఆయన మతము. తుదకు సోదరి నివేదిత, అమెరికా వనిత సారా బుల్ మున్నగు మిత్రుల ఒత్తిడిపై గెలీనా యను సీసపు ఖనిజముతో చేసిన గ్రాహకమునకు 1901లో అమెరికాలో అర్జీ పెట్టగా, 1904 మార్చి 29న పేటెంటు వచ్చెను. అర్ధవాహకముతో చేసిన గ్రాహకములకు లభించిన పేటెంట్లలో అది మొట్టమొదటిదానిగా నేడు లెక్కింపబడుచున్నది. దానిపై ఆయన కానియైనను గడింపలేదు, గడువు తీరనిచ్చెను.

ఈ నిరాకరణమును మనవారు ఋషిధర్మమని కొనియాడుదురు. కొనియాడదగినదే. కాని దాని రెండవ ముఖమును చూడక తప్పదు. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటికు సముద్రము మీదుగా సంకేతము నందుకొన్నప్పుడు, ఆయన చెవికడనున్నది లోహమునకును పాదరసమునకును నడుమ తాకుడుతో పనిచేసెడు గ్రాహకము. ఇటలీ నౌకాదళమునుండి లభించినదని మార్కోని చెప్పుకొనెను. ఇనుమును, పాదరసమును చేర్చి టెలిఫోనుతో వినెడు ఏర్పాటును జగదీశుడు 1899లోనే రాయల్ సొసైటీ వ్యాసమున వర్ణించియున్నాడని, దాని మూలము అదియేయని 1998లో ప్రొబీర్ బందోపాధ్యాయ అను శాస్త్రజ్ఞుడు పత్రములను పరిశీలించి వాదించెను. పేటెంటు లేని విద్య బాటసారుల మామిడిచెట్టు. అదే దశాబ్దమున, 1892 మొదలుకొని, మన విజయనగర ప్రాంతపు మాంగనీసు రాయి త్రవ్వబడి ఓడలమీద ముడిసరకుగా విదేశములకు పోవుచుండెను. ఖనిజము పోయినట్లే ఆలోచనయు ముడిసరకుగా పోయి, పనిముట్టై మన వాకిటికి అమ్మకమునకు వచ్చెను. వ్యక్తికి శోభించు త్యాగము జాతికి నష్టము కాగూడదను ఎఱుక నాటి మనవారికి లేకపోయెను.

ఇంతమాత్రమున రేడియోను వసువే కనిపెట్టెననియు, తెల్లవారు అపహరించిరనియు సభలలో చెప్పెడు మాటను మేము సమర్థింపము. జగదీశుని అయిదు మిల్లీమీటర్ల తరంగములు సముద్రములు దాటునవి కావు. వార్తలు పంపుట ఆయన లక్ష్యమును కాదు. పొడుగు తరంగములను, ఎత్తైన స్తంభములను, భూసంబంధమును కూర్చి వ్యాపారముగ నడపినది మార్కోనియే. 1909లో బ్రౌనుతో కలసి నోబెల్ బహుమానము నందినదియు అందులకే. జగదీశుని చిన్న తరంగములను లోకము దశాబ్దములపాటు మఱచి, పిదప రాడారులకును రేడియో దూరదర్శినులకును మరల వెదకికొనెను. ఆయన గొప్పతనము ఆయనదే. దానికి అరువుసొమ్ము లక్కఱలేదు.

గ్రాహకము చాలసేపు పనిచేసిన పిమ్మట మందగించుటయు, కొంతసేపు విడిచిపెట్టినచో మరల చురుకగుటయు జగదీశుడు గమనించెను. లోహమునకు అలసట! ఇచటనే ఆయన జీవితము మలుపు తిరిగెను. తగరము, ప్లాటినము మున్నగు లోహములను మెలిపెట్టి, తట్టి, మందులు పూసి, వాని ప్రతిస్పందనల రేఖలను గీసి, జంతువుల కండరముల రేఖల ప్రక్కన పెట్టి చూపెను. పోలిక కన్నులకు కట్టినట్లుండెను. 1900లో పారిసు భౌతికశాస్త్ర మహాసభలో దీనిని చదివినప్పుడు వివేకానందస్వామి ఆ నగరముననే యుండి గర్వపడెను. 1901 మే నెలలో రాయల్ ఇన్‌స్టిట్యూషనువారు చప్పట్లు కొట్టిరి. జూనులో రాయల్ సొసైటీలో మాత్రము శరీరశాస్త్రవృద్ధుడు బర్డన్ శాండర్సను అడ్డుతగిలెను. భౌతికశాస్త్రజ్ఞుడు తన పొలిమేర దాటి ప్రక్కవాని చేనిలో నాగలి దింపరాదని ఆయన అభిప్రాయము. వ్యాసము ప్రచురణము కాక అటకెక్కెను. సెలవు ముగియవచ్చినను ఇంగ్లండునందే నిలిచి పోరాడుటకు కావలసిన ధనమును, రవీంద్రుని ప్రార్థనపై, త్రిపుర మహారాజు రాధాకిశోర మాణిక్యము సమకూర్చెను. 1902లో జగదీశుడు తన పరిశోధనల నన్నిటిని గ్రంథముగా ప్రకటించి, అటుపై లోహమును విడిచి మొక్కల వైపు మరలెను.

లోహమునకు ప్రాణమున్నదని వసువు నిరూపించెనని, ఉపనిషత్తుల అద్వైతము ప్రయోగశాలలో తేలెనని మన పత్రికలు నాడు వ్రాసినవి. నేటికిని వ్రాయువారు కలరు. ఈ విషయమున సత్యము చెప్పుట ఆయనకు అగౌరవము కాదు. ఆయన గీసిన రేఖలు నిజము, ఆయన కొలతలు నిజము. రేఖకును రేఖకును పోలిక యున్నంతమాత్రమున కారణము ఒక్కటి కానక్కఱలేదు. లోహరేణువు ప్రతిదానిపైని గాలి వలన ఏర్పడిన మిక్కిలి పలుచని త్రుప్పుపొర కలదు. అది విద్యుత్తునకు అడ్డు. తరంగము వలన రేణువుల నడుమ విద్యుత్పీడనము హెచ్చినపుడు ఆ పొర చిట్లి, సూదిమొనకంటె సన్నని లోహపు వంతెనలు ఏర్పడి కరగి అతుకుకొనును. తట్టినపుడు వంతెనలు తెగును. 2005లో ఫ్రాన్సులో ఫాల్కన్, కాస్టెయింగ్ అను భౌతికశాస్త్రజ్ఞులు ఉక్కుపూసలను వరుసగా పేర్చి, ఒక్కొక తాకుడు వద్ద వోల్టులో సగము కంటె తక్కువ పీడనముననే ఇట్టి అతుకుడు జరుగునని తేల్చిరి. పూసలను ఒక్క వరుసగా పేర్చిన ఆ పరీక్షను చూచువారికి జగదీశుని స్ప్రింగుల గాడి జ్ఞప్తికి రాక మానదు. కనుక ఇనుపరజను విషయమున లాడ్జి చెప్పిన అతుకుడు చాలవఱకు నిలిచెను. జగదీశుని అణుసిద్ధాంతము ఆయన చెప్పిన రూపమున నిలువలేదు.

నిలిచినది ఆయన చూపు. అతుకుడుతో పొసగని పొటాషియమును, ఒక దిక్కున ఒకరీతి మఱొక దిక్కున మఱొకరీతి విద్యుత్తును పోనిచ్చెడు గెలీనాను ఆయన విడువక పట్టుకొనెను. ఈ ప్రవర్తనలే పిదప అర్ధవాహకశాస్త్రమునకు పునాదులయ్యెను. ఆ శాస్త్రమున నోబెల్ బహుమానము నందిన నెవిల్ మాట్ పండితుడు వసువు తన కాలమునకు ఎన్నో దశాబ్దములు ముందున్నాడని ఒప్పుకొనినట్లు ప్రతీతి. ఇక పోవు త్రోవ వచ్చు త్రోవ వేఱుగానున్న ఆ రేఖాచిత్రముల మాట. తనగుండ గడచిన విద్యుత్తును గుర్తుంచుకొనెడు పరికర మొకటి యుండవలెనని లియోన్ చువా అను ఆచార్యుడు 1971లో గణితముతో ఊహించి దానికి మెమ్రిస్టరు అని పేరిడెను. 2013లో ఆయనయు, ఇద్దఱు భారతీయులును కలసి, ఆ పరికరము ఎన్నడో యున్నదనియు, కోహీరరే అదియనియు వ్యాసము ప్రకటించిరి. గణనయంత్రముల జ్ఞాపకశక్తికి నేడు వెదకుచున్న గుణము బ్రాన్లీ గొట్టములోను, కలకత్తా స్ప్రింగులలోను ముందే పనిచేయుచుండెను. రేణువును ఇంకను చిన్నది చేసి మిల్లీమీటరులో కొన్ని లక్షలవ వంతునకు దించినచో, దానిపైకి ఎక్కిన ఒక్క ఎలక్ట్రాను రెండవదానిని రానీయక నెట్టివేయునని తరువాతివారు కనుగొనిరి. పొడి యంత సూక్ష్మమగుకొలది లోహము తన లోహధర్మమునే మార్చుకొనుచున్నది.

ధనము మాట వచ్చినది గనుక మన ప్రాంతమునకు మరల వత్తము. జగదీశుని పోరాటమును త్రిపుర ప్రభువు నిలబెట్టినట్లే, విజయనగర ప్రభువు కట్టించిన ప్రయోగశాల ఇంకొకని నిలబెట్టెను. విశాఖపట్టణమున తండ్రి ఉపాధ్యాయుడై యుండగా బాల్యము గడపిన చంద్రశేఖర వేంకటరాముడు 1907లో కలకత్తాలో సర్కారు ఉద్యోగమున చేరి, సాయంకాలములందు బౌబజారు సంఘమున ప్రయోగములు చేయుచు, 1928లో తన పేరిట ప్రసిద్ధమైన ఫలితమును అచటనే కనుగొనెను. విజయనగరమునందే మహారాజావారి కళాశాలలో అప్పాద్వేదుల లక్ష్మీనారాయణగారు 1920 తరువాతి సంవత్సరములలో లోహములను ఆవిరిచేసి ఆ ఆవిరి వెలుగును ఎట్లు మ్రింగునో పరిశోధించి విదేశపత్రికలలో ప్రకటించిరి; పిదప కొడైకెనాలు నక్షత్రశాలకు అధ్యక్షులైరి. వారితో పనిచేసిన కొచ్చర్లకోట రంగధామరావుగారు వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రశాఖను పెంచిరి. జమీలు 1948 చట్టముతో పోయెను. ఆ జమీల లెక్కలలో ఏనుగులకు, భోగములకు వ్రాసిన పద్దులతో పోల్చినచో ఈ పద్దు స్వల్పమే. ఫలము మాత్రము ఇదియే మిగిలెను. నేడు భూమియు సొమ్మును గలవారు మన మండలములలో కొదువలేదు, పెండ్లిపందిళ్లకు కొదువలేదు, ఊరి కళాశాలలో గాల్వనోమీటరు పనిచేయుచున్నదా యని అడిగినవారే అరుదు.

జగదీశుడు 1915లో ఉద్యోగము విరమించెను. 1917లో సర్ బిరుదము వచ్చెను. ఆ యేటనే తన జన్మదినమైన నవంబరు 30న, తాను కూడబెట్టినదియు దేశమిచ్చినదియు చేర్చి, వసు విజ్ఞానమందిరమును కలకత్తాలో ప్రతిష్ఠించెను. మొక్కల పెరుగుదలను కోటిరెట్లు పెంచి చూపెడు యంత్రములు, వానిపై వాదములు, విదేశయాత్రలు ఆయన శేషజీవితమును నింపినవి. వాని కథ వేఱు. ఒకప్పుడు వ్యాసమును అటకెక్కించిన రాయల్ సొసైటీ 1920లో సభ్యత్వ మిచ్చి గౌరవించెను. 1937 నవంబరు 23న, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ఇంక వారము దినములుండగా, గిరిధి పట్టణమున ఆయన కన్నుమూసెను. అబలాదేవి ఆయన తరువాత పదునాలుగేండ్లు జీవించి 1951లో మరణించెను. ఆయన వాడిన తరంగయంత్రములు ఆ విజ్ఞానమందిరపు ప్రదర్శనశాలలో నేటికిని భద్రముగా నున్నవి.